ఒక వేలు, రెండు బటన్లు: బందరు పార్లమెంటు లెక్క

ముందు రెండు అంకెలు చూడండి: 3,15,072, 2,23,179.

మొదటిది 2024లో మచిలీపట్నం పార్లమెంటు పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాల్లో తెలుగుదేశం, జనసేన కూటమి అభ్యర్థులకు వచ్చిన మెజార్టీల మొత్తం. రెండోది అదే రోజు, అవే బూతుల్లో, అదే కూటమి తరఫున ఎంపీగా నిలబడిన వల్లభనేని బాలశౌరికి వచ్చిన మెజార్టీ. రెండింటికీ తేడా 91,893. ఎమ్మెల్యేలు ఏడుగురూ కలిసి తెచ్చుకున్న ఆధిక్యంలో దాదాపు తొంభై రెండు వేలు ఎంపీ ఖాతా దాకా రాలేదు.

రెండు లక్షల పైచిలుకు మెజార్టీతో గెలిచినవాడికి ఇదొక లెక్కా అనిపించవచ్చు. గెలుపోటముల వరకు చూస్తే లెక్క కాదు. ఓటరు బుర్రలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే మాత్రం పట్టుకోవాల్సింది ఈ తేడానే. ఎంపీ ఓటు ఎమ్మెల్యే ఓటు వెంట దానంతటదే నడిచి వస్తుందని పార్టీలు అనుకుంటాయి. చాలా వరకు వస్తుంది కూడా. రాని భాగమే చెప్పుకోదగ్గది.

తోట్లవల్లూరు మండలం నుంచి చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. పేరుకు మచిలీపట్నం తీరప్రాంత నియోజకవర్గమే గానీ తోట్లవల్లూరుకు సముద్రం కనపడదు. కనపడేది కృష్ణ, దాని కరకట్ట, కట్ట అవతల లంకలు. పసుపు, కంద, అరటి, చెరకు పండే నేల. రెవెన్యూ డివిజన్ ఉయ్యూరు. ఎమ్మెల్యే కోసం పామర్రు, ఎంపీ కోసం బందరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడగొట్టినప్పుడు పార్లమెంటు నియోజకవర్గమే జిల్లా అయింది, కలెక్టరు కూడా బందరులోనే. మచిలీపట్నం అని కాగితాల్లో రాసుకుంటారు. జనం నోట బందరే.

ఏడు స్థానాలూ ఒకే తీరువి కావు. నిజంగా సముద్రాన్ని ఆనుకున్నవి మూడే. కృత్తివెన్ను మండలం ఉన్న పెడన, మచిలీపట్నం, కోడూరు, నాగాయలంకలున్న అవనిగడ్డ. గుడివాడ, పామర్రు నికరమైన డెల్టా వరి పొలాలు. గన్నవరం విమానాశ్రయం ఉన్న ఊరు. పెనమలూరైతే కానూరు, పోరంకి కలుపుకొని విజయవాడ శివారే. హంసలదీవి దగ్గర వల సర్దుకునేవాడికీ పోరంకి అపార్టుమెంటులో లిఫ్టు దిగేవాడికీ ఎంపీ ఒక్కడే. ఓటర్లు 15 లక్షల పైచిలుకు. పోలింగు 84 శాతం దాటుతుంది. అదే 2024లో దేశం మొత్తానికి వచ్చిన సగటు 66 శాతం లోపే. ఓటు వేయడంలో ఈ ప్రాంతానికి బద్ధకం లేదు.

ఇక బూతులోకి వెళ్దాం. లోక్‌సభకూ అసెంబ్లీకీ ఒకేసారి ఎన్నిక జరిగినప్పుడు అట్టపెట్టె చాటున యంత్రాలు రెండుంటాయి. పార్లమెంటు యంత్రం మీద అంటించిన బ్యాలెట్ కాగితం తెల్లది, అసెంబ్లీది గులాబీ రంగుది. ఎడమ చేతి చూపుడు వేలికి సిరా పూసుకుని, తెల్ల కాగితం దగ్గర ఒక బటన్ నొక్కి, పక్కనున్న వీవీప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనబడి లోపల పడ్డాక, రెండో యంత్రం దగ్గరకు జరగాలి. 2024 మే 13న తోట్లవల్లూరులో వైకాపా మనిషికి పని సులువు. రెండు చోట్లా ఫ్యాను. కూటమి మనిషికి మాత్రం తెల్ల కాగితం మీద జనసేన గాజు గ్లాసు, గులాబీ కాగితం మీద తెలుగుదేశం సైకిలు. ఏడింటిలో ఆరు చోట్ల ఇదే పరిస్థితి. అవనిగడ్డలో ఒక్కచోటే జనసేన తరఫున మండలి బుద్ధప్రసాద్ నిలబడ్డారు కాబట్టి అక్కడ గ్లాసు, గ్లాసు.

నలభై ఏళ్లుగా సైకిలుకు అలవాటు పడ్డ వేలు ఒక్కసారిగా గ్లాసును వెతుక్కోవాలంటే కొంత తడబాటు సహజం. కానీ తొంభై రెండు వేలను తడబాటు ఖాతాలో వేయలేం. ఒక్కో స్థానంలో వచ్చిన మెజార్టీ ఇలా ఉంది. పెనమలూరులో బోడె ప్రసాద్‌కు 59,915. గుడివాడలో వెనిగండ్ల రాముకు 53,040. మచిలీపట్నంలో కొల్లు రవీంద్రకు 50,242. అవనిగడ్డలో బుద్ధప్రసాద్‌కు 46,434. పెడనలో కాగిత కృష్ణప్రసాద్‌కు 38,123. గన్నవరంలో యార్లగడ్డ వెంకట్రావుకు 37,628. పామర్రులో వర్ల కుమార్ రాజాకు 29,690. ఏడింటిలో చిన్న మెజార్టీ తోట్లవల్లూరు ఉన్న పామర్రుదే.

ఇక్కడ ఒక లెక్క సరిగా పట్టుకోవాలి. మెజార్టీ 92 వేలు తగ్గిందంటే 92 వేల మంది అటు తిరిగారని కాదు. వంద మంది ఉన్న ఊళ్లో ఎమ్మెల్యేకు 60, ఎదుటివాడికి 40 వస్తే మెజార్టీ 20. వాళ్లలో అయిదుగురు ఎంపీ దగ్గరకొచ్చేసరికి ఎదుటివాడికి వేస్తే 55, 45. మెజార్టీ 10. తిరిగింది అయిదుగురు, తరిగింది పది. ఓటు ఒక వైపు పోయి రెండో వైపు చేరింది కాబట్టి ఒక్కో మనిషి రెండు ఓట్ల తేడా తెస్తాడు. ఆ లెక్కన కూటమి ఎమ్మెల్యేకు వేసి ఎంపీకి ఫ్యాను నొక్కినవాళ్లు నికరంగా 46 వేల మంది అనుకోవచ్చు. నేరుగా ఫ్యానుకు కాకుండా వేరే పార్టీకో, నోటాకో వేసి ఉంటే ఆ సంఖ్య పెరుగుతుంది, అందరూ అలాగే చేసి ఉంటే 92 వేల దాకా. మొత్తం పోలైనవి సుమారు 13 లక్షలు. అంటే తక్కువలో తక్కువ నూటికి ముగ్గురు నలుగురు రెండు యంత్రాల దగ్గర రెండు ఆలోచనలు చేశారన్నమాట.

ఇందులో బాలశౌరి తప్పెంత, ఎమ్మెల్యేల గొప్పెంత? నా మటుకు ఆయన బలహీనత కంటే కింద జరిగిన పోరు వేడే దీనికి పెద్ద కారణమనిపిస్తుంది. గుడివాడలో 2004 నుంచి 2019 దాకా వరసగా నాలుగు సార్లు గెలిచిన కొడాలి నాని, గన్నవరంలో రెండు సార్లు గెలిచిన వల్లభనేని వంశీ, పెడన నుంచి పెనమలూరుకు మారిన జోగి రమేష్, మచిలీపట్నంలో పేర్ని నాని కుమారుడు కిట్టు. ఈ వైకాపా అభ్యర్థులవన్నీ రాష్ట్రమంతా పేర్లు తెలిసిన కుటుంబాలు. ఆ చోట్ల పోటీ పార్టీల మధ్య కంటే మనుషుల మధ్య నడిచింది. ఎమ్మెల్యే మీద కోపం ఉండి పార్టీ మీద మమకారం పోనివాడికి గులాబీ కాగితం మీద సైకిలు నొక్కి, తెల్ల కాగితం మీద మామూలుగా ఫ్యాను నొక్కేందుకు దారి ఉంది. కోపం ఎమ్మెల్యే దగ్గరే తీర్చుకుంటాడు, ఎంపీ దాకా తీసుకెళ్లడు. ఎంపీ అతని వీధిలోకి వచ్చిందెప్పుడు గనుక, కోపం రావడానికి!

ఈ తేడా 2024 ఒక్కదాని సంగతి కాదు. 2019 చూడండి. అప్పుడు బాలశౌరి ఫ్యాను గుర్తు మీద వైకాపా అభ్యర్థి. 5,71,436 ఓట్లు తెచ్చుకుని, తెలుగుదేశం తరఫున నిలబడిన కొనకళ్ల నారాయణరావు మీద 60,141తో గెలిచారు. అదే రోజు ఏడు అసెంబ్లీల్లో ఆరు వైకాపావి. పామర్రులో 30,873, అవనిగడ్డలో 20,725, గుడివాడలో 19,479, పెనమలూరులో 11,317, పెడనలో 7,839, మచిలీపట్నంలో 5,851. గన్నవరంలో ఒక్కచోటే తెలుగుదేశం 838తో బయటపడింది. ఆ 838ని తీసేసినా వైకాపా ఎమ్మెల్యే అభ్యర్థుల నికర ఆధిక్యం 95,246. ఎంపీకి వచ్చింది 60,141. మళ్లీ 35 వేలు తరిగాయి. అభ్యర్థి అదే మనిషి, పార్టీ వేరు, గుర్తు వేరు, ఎదుటివాళ్లు వేరు. రెండు సార్లూ ఎంపీ మెజార్టీ కింద ఉన్నవాళ్ల మొత్తం కంటే తక్కువే.

ఇదేదో బాలశౌరి జాతకమని తేల్చేసే ముందు 2014కు పోవాలి. అప్పుడు కొనకళ్ల నారాయణరావుకు 5,87,280, వైకాపా తరఫున కొలుసు పార్థసారథికి 5,06,223. మెజార్టీ 81,057. ఆ ఎన్నికలో తెలుగుదేశం అయిదు అసెంబ్లీలు గెలిచింది, గుడివాడ, పామర్రు వైకాపాకు పోయాయి. గెలిచిన చోట్ల మెజార్టీలు కలిపి, ఓడిన చోట్లవి తీసేస్తే పార్టీకి మిగిలింది అరవై వేల పైచిలుకు. ఎంపీకి వచ్చింది అంతకంటే ఎక్కువ. అంటే వైకాపా ఎమ్మెల్యేకు వేసినవాళ్లలో కొన్ని వేల మంది ఎంపీ కాగితం మీద సైకిలు నొక్కారు. కొనకళ్ల 2009లో గెలిచి అయిదేళ్లు ఎంపీగా ఉన్న మనిషి, బందరు మనిషి. ఎంపీకంటూ సొంత ఓటు ఉంటే లెక్క ఎలా తిరుగుతుందో చెప్పడానికి ఈ నియోజకవర్గంలో నాకు దొరికిన మంచి ఉదాహరణ ఇది. 2019లో ఆయన ఓడినా పార్టీ ఎమ్మెల్యే అభ్యర్థులంత తేడాతో ఓడలేదన్నది కూడా అదే కథ రెండో భాగం.

పామర్రు 2014లో ఇంకా గమ్మత్తు చేసింది. ఆ ఏడాది అక్కడ ఉప్పులేటి కల్పన గెలిచింది 1,069 ఓట్లతో. ఆమెకు 69,546, వర్ల రామయ్యకు 68,477. పామర్రు, మొవ్వ, పమిడిముక్కల, పెదపారుపూడి, తోట్లవల్లూరు అని అయిదు మండలాలున్న నియోజకవర్గంలో వెయ్యి ఓట్లంటే ఒక్కో మండలానికి రెండు వందల చిల్లర. కరకట్ట పక్కన ఓ మోస్తరు ఊరు అటూ ఇటూ అయితే ఎమ్మెల్యే మారిపోయేవాడు. ఎంపీ మాత్రం మారడు, అక్కడ తేడా 81 వేలు. ఒకే మనిషి ఒకే పూట వేసిన రెండు ఓట్లలో ఒకటి అంత బరువు, ఒకటి అంత తేలిక.

2009 ఇంకా చిక్కు. పునర్విభజన తర్వాత తొలి ఎన్నిక అది. ఉయ్యూరు, నిడుమోలు, మల్లేశ్వరం, ముదినేపల్లి, కంకిపాడు అనే పేర్లు ఓటింగు యంత్రాల మీద నుంచి మాయమై పామర్రు, పెడన, పెనమలూరు వచ్చాయి. చిరంజీవి ప్రజారాజ్యం మూడో పక్షంగా దిగింది. ఏడు అసెంబ్లీల్లో కాంగ్రెస్‌కు నాలుగు, తెలుగుదేశానికి మూడు. ఎంపీ మాత్రం తెలుగుదేశం! కొనకళ్ల నారాయణరావుకు 4,09,936, కాంగ్రెస్ సిట్టింగ్ ఎంపీ బాడిగ రామకృష్ణకు 3,97,480. తేడా 12,456. స్థానాల లెక్క ఒకటి, ఓట్ల లెక్క ఒకటి. పెనమలూరులో కాంగ్రెస్ తరఫున పార్థసారథి 177 ఓట్లతో గట్టెక్కారు. అవనిగడ్డలో మండలి బుద్ధప్రసాద్ 417 ఓట్లతో అంబటి బ్రాహ్మణయ్య చేతిలో ఓడిపోయారు. 177తో గెలిచినా సీటు ఒకటే, 50 వేలతో గెలిచినా ఒకటే. పార్లమెంటు లెక్కలో మాత్రం ఆ 177 ఎంత? అందుకే ఎంపీగా గెలవాలంటే ఏడింటిలో ఎన్ని గెలిచామన్నది కాదు, గెలిచిన చోట ఎంత మిగిల్చామన్నది, ఓడిన చోట ఎంత కోల్పోయామన్నది చూసుకోవాలి. పార్టీలు టికెట్ల దగ్గర కొట్టుకునేటప్పుడు ఈ సంగతి మరిచిపోతుంటాయి.

మనిషా, గుర్తా అన్న పాత ప్రశ్నకు ఈ నియోజకవర్గం మూడు రకాల జవాబులిచ్చింది, ఒకదానితో ఒకటి పొసగనివి.

గన్నవరంలో 2019లో సైకిలు మీద వంశీ, ఫ్యాను మీద యార్లగడ్డ. 838తో సైకిలు. 2024 నాటికి ఇద్దరూ గుర్తులు మార్చుకున్నారు. ఈసారి సైకిలు మీద యార్లగడ్డ, ఫ్యాను మీద వంశీ. 37,628తో మళ్లీ సైకిలే. మనుషులు అటూ ఇటూ అయినా గుర్తు నిలిచింది.

పామర్రులో కల్పన 2009లో సైకిలు మీద నిలబడి కాంగ్రెస్ అభ్యర్థి డి.వై.దాస్ చేతిలో ఓడారు. 2014లో ఫ్యాను మీద గెలిచారు. తర్వాత తెలుగుదేశంలోకి వెళ్లి 2019లో మళ్లీ సైకిలెక్కి కైలే అనిల్‌కుమార్ చేతిలో 30 వేల పైచిలుకుతో ఓడారు. 2014లో ఆమె మీద ఓడిన రామయ్య కొడుకే 2024లో గెలిచిన కుమార్ రాజా. ఇక్కడ మనిషీ నిలవలేదు, గుర్తూ నిలవలేదు.

బాలశౌరిది ఇంకో దారి. 2004లో హస్తం గుర్తు మీద తెనాలి నుంచి ఎంపీ. పునర్విభజనలో తెనాలి పార్లమెంటు స్థానమే లేకుండా పోయింది. 2009లో నరసరావుపేటలో 1,607 ఓట్లతో ఓటమి. 2014లో గుంటూరులో ఫ్యాను మీద ఓటమి. 2019లో బందరులో ఫ్యాను మీద గెలుపు. 2024 జనవరిలో వైకాపాకు రాజీనామా చేసి, జనసేనలో చేరి, గ్లాసు మీద 7,24,439 ఓట్లు. మూడు గెలుపులు, మూడు గుర్తులు. గాలి ఎటు వీస్తోందో ముందుగా పసిగట్టే ముక్కు ఆయనకు ఉందని ఒప్పుకోక తప్పదు.

గ్లాసు సంగతి కూడా చెప్పాలి. 2019లో ఇదే బందరు పార్లమెంటులో జనసేన విడిగా పోటీ చేసి తెచ్చుకున్నది 1,13,292 ఓట్లు, 9.15 శాతం. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ గల్లంతు. ఆరో వంతంటే అప్పటి లెక్కన రెండు లక్షల ఆరు వేలు. డిపాజిట్ పోగొట్టుకున్న గుర్తే అయిదేళ్లకు 55 శాతం ఓట్లతో గెలిచింది. ఇందులో గ్లాసు సొంత బలమెంతో, సైకిలు తోడెంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. కానీ 2019లో తెలుగుదేశానికి 41.28, జనసేనకు 9.15, రెండూ కలిపితే 50.43 శాతం. వైకాపాకు 46.14. అంటే 2019లో ఇద్దరూ కలిసి పోటీ చేసి, ఎవరి ఓటు వాళ్లు నిలుపుకుని ఉంటే ఆ రోజే బందరు వైకాపాకు దక్కేది కాదు. 2024లో వచ్చిన 55లో కొత్తగా చేరింది అయిదు శాతం లోపే. మిగతాదంతా పాత ఓట్లను ఒక్కచోటికి చేర్చినందుకు వచ్చిన ఫలం. 2024ను గాలి ఎన్నిక అన్నవాళ్లు ఈ కూడికను కూడా పక్కన పెట్టుకుని మాట్లాడాలి.

కాస్త వెనక్కి, 1952 దాకా వెళ్తే ఇక్కడ జరిగిన లోక్‌సభ సాధారణ ఎన్నికలు 18. కాంగ్రెస్ తొమ్మిది సార్లు, తెలుగుదేశం అయిదు సార్లు, సీపీఐ, స్వతంత్రుడు, వైకాపా, జనసేన ఒక్కోసారి. మొదటి ఎంపీ కమ్యూనిస్టు, సనకా బుచ్చికోటయ్య. అప్పటి కృష్ణా జిల్లా ఎర్రజెండాకు పట్టుకొమ్మ. పక్కన గుడివాడ విడిగా పార్లమెంటు స్థానంగా ఉండేది, 1952లో అక్కడా సీపీఐనే. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య గన్నవరం నుంచి అసెంబ్లీకి వెళ్లింది తర్వాతి మాట. 1957లో బందరు నుంచి మండలి వెంకట కృష్ణారావు. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమ తుడిచిపెట్టుకుపోయినప్పుడు సహాయ పనులకు అండగా నిలిచింది ఆయనే. బుద్ధప్రసాద్ ఆయన కుమారుడు. 1962లో స్వతంత్రుడిగా మండల వెంకటస్వామి నాయుడు గెలవడం ఈ జాబితాలో ఇంకెప్పుడూ జరగని విచిత్రం.

అన్నిటికంటే పెద్ద విచిత్రం 1984. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు పామర్రు మండలంలో ఉంది. 1983లో ఆయన గెలిచిన స్థానాల్లో గుడివాడ ఒకటి. ఇందిర హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ ఊపులో కొట్టుకుపోతున్న రోజుల్లో కూడా ఆంధ్రప్రదేశ్‌లో 42లో 30 సీట్లు తెలుగుదేశం గెలిచింది. కాంగ్రెస్‌కు మిగిలింది ఆరు. ఆ ఆరింటిలో బందరు ఒకటి! కావూరి సాంబశివరావు గెలిచారు. 1989లోనూ ఆయనే. ఎన్టీఆర్ సొంత గడ్డ మీద ఆయన పార్టీకి ఎంపీ దక్కింది పార్టీ పుట్టిన తొమ్మిదేళ్లకు, 1991లో కె.పి.రెడ్డయ్య యాదవ్ రూపంలో. ఆ రెడ్డయ్య కుమారుడే 2014లో ఓడిన పార్థసారథి. 1996లో కైకాల సత్యనారాయణ, 1998లో మళ్లీ కావూరి, 1999లో అంబటి బ్రాహ్మణయ్య. మూడున్నరేళ్లలో మూడు ఎన్నికలు, ముగ్గురు ఎంపీలు. తెర మీద యముడిగా అందర్నీ హడలెత్తించిన కైకాలకు ఇక్కడ దక్కింది రెండేళ్లు కూడా లేని లోక్‌సభ.

ఈ 18 ఎన్నికల్లో వరసగా మూడు సార్లు గెలిచినవాళ్లు ఒక్కరూ లేరు. మొత్తం మీద మూడు సార్లు గెలిచింది కావూరి ఒక్కరే. ఒక్క మహిళ కూడా గెలవలేదు. డెబ్బై ఏళ్ల పైబడిన చరిత్రలో సున్నా. మిగతా అంకెల మీద ఎంతైనా వాదించుకోవచ్చు, దీని మీద వాదించడానికేమీ లేదు.

గెలిచాక ఎంపీ ఏం చేయగలడన్నది మరో లెక్క. నియోజకవర్గ అభివృద్ధి నిధి ఏడాదికి 5 కోట్లు. అయిదేళ్లకు 25 కోట్లు. 2011 జనాభా 17.35 లక్షలతో భాగిస్తే తలకు 144 రూపాయలు. అయిదేళ్ల మొత్తానికి. ఎన్నికల్లో ఒక లోక్‌సభ అభ్యర్థి చట్టప్రకారం పెట్టదగిన ఖర్చు 95 లక్షలు, ఓటరుకు ఆరు రూపాయల చిల్లర. ఆరు రూపాయలకు ఇప్పుడు కరకట్ట మీద టీ కూడా రాదు. కాగితం మీద రాసిన ఖర్చుకూ వీధిలో కనబడే ఖర్చుకూ ఉన్న దూరం ఇక్కడ అందరికీ తెలుసు, దాని మీద వేరే పుస్తకమే రాయాలి.

కేంద్రం చేతిలో ఉన్న పనులు, అంటే ఎంపీ అడగాల్సినవి, ఈ నియోజకవర్గంలో కంటికి కనబడేవి ఉన్నాయి. విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు చేరే 65వ నంబరు జాతీయ రహదారి, తీరం వెంబడి వెళ్లే 216, గన్నవరం విమానాశ్రయం. తోట్లవల్లూరు ఈ మూడింటిలో దేని మీదా లేదు. హైవేకూ ఏటికీ మధ్యనున్న మండలం అది. ఎంపీ చేసిన పనిని చూడాలంటే ఉయ్యూరు దాకా పోవాలి. ఎమ్మెల్యే పని, లేదా చేయనిది, ఇంటి ముందే కనబడుతుంది. ఎంపీ ఓటు తేలిగ్గా అటూ ఇటూ కదలడానికి ఇదీ ఒక కారణమే.

ఆ మండలానికి అసలు కష్టం ఏటితో. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు, బ్యారేజీ చరిత్రలోనే పెద్ద వరద. అంతకు ముందు పెద్దది 2009 అక్టోబరులో, 11.10 లక్షలు. రెండూ ఎన్నికలైన కొద్ది నెలలకే వచ్చాయి. పాములలంక, తోడేళ్లదిబ్బ లాంటి లంకల్లో పసుపు, కంద, అరటి నీళ్లలో నానాయి. కంద దుంప నేలలో ఉంటుంది గనుక పైకి చూసి నష్టం చెప్పలేరు. పొలంలో నీరెన్ని రోజులు నిలిచిందన్నదే లెక్క. ఆ లెక్క రాసుకునే గుమాస్తా రాష్ట్రం మనిషి, పంటల బీమాలో వాటా ఇచ్చేది కేంద్రం. లంక రైతు ఏ బటన్ నొక్కిన ఫలం ఏ బల్ల మీద పడుతుందో తెలియక రెండు బల్లల చుట్టూ తిరుగుతాడు.

బందరు ఓడరేవు కథ చెప్పకుండా బందరు ఎన్నికల మాట ముగియదు. 2008లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి శంకుస్థాపన. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు పనుల ప్రారంభం. 2023 మే 22న జగన్‌మోహనరెడ్డి మళ్లీ శంకుస్థాపన. మూడుసార్లూ ఆ తర్వాత ఏడాదికల్లా ఎన్నికలు. 2009లో ఇక్కడ కాంగ్రెస్ ఎంపీ 12,456తో ఓడారు, రాష్ట్రంలో మాత్రం పార్టీ గెలిచింది. 2019 ఏప్రిల్‌లో తెలుగుదేశం ఎంపీ 60,141తో ఓడారు. 2024లో వైకాపా తరఫున నిలబడ్డ సింహాద్రి చంద్రశేఖరరావు 2,23,179తో ఓడారు. శిలాఫలకానికీ ఓటమికీ ముడిపెట్టడం తర్కం కాదు. కానీ రేవు రాయి వేసిన పార్టీ బందరు ఎంపీ సీటు నిలుపుకున్న దాఖలా ఇప్పటిదాకా లేదు. మూడు పార్టీలకూ సమానంగా జరిగింది కాబట్టి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

ఇన్ని లెక్కలూ నియోజకవర్గం స్థాయివి. ఊరి స్థాయిలో చూడాలనుకునేవాళ్లకు దారి ఉంది. ప్రతి ఎన్నిక తర్వాత రిటర్నింగ్ అధికారి ఫారం 20 అనే పట్టిక తయారు చేస్తారు. అందులో ఒక్కో బూతులో ఒక్కో అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చాయో వరసగా ఉంటుంది. పోస్టల్ ఓట్లు చివర విడిగా ఉంటాయి. పార్లమెంటుకొకటి, అసెంబ్లీకొకటి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో ఎవరైనా తీసుకోవచ్చు. పామర్రు అసెంబ్లీ పట్టికను, బందరు పార్లమెంటు పట్టికలో పామర్రు భాగాన్ని పక్కపక్కన పెట్టి, మీ బూతు నంబరు దగ్గర వేలు పెట్టండి. సైకిలు వరసలో ఎంత, గ్లాసు వరసలో ఎంత, రెండు పట్టికల్లోనూ ఫ్యాను వరసలో ఎంత. ఫ్యాను అంకె పార్లమెంటు పట్టికలో పెరిగితే మీ వాడలో గుర్తు మార్చినవాళ్లు ఉన్నట్టు. పెరగకుండా గ్లాసు ఒక్కటే తగ్గితే ఆ ఓట్లు మూడో పార్టీకో నోటాకో పోయినట్టు. అయిదు నిమిషాల పని. బూతులో వెయ్యి ఓట్లుంటే ముప్ఫై నలభై దాకా తేడా కనబడటం మామూలు. అంతకంటే బాగా ఎక్కువుంటే ఆ ఊళ్లో ఎమ్మెల్యేకో ఎంపీకో ఎవరికో ఒకరికి ప్రత్యేకంగా ఏదో జరిగింది. అదేమిటో పట్టికలో ఉండదు, ఊళ్లో అడగాలి.